ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరు

ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరు అనేది మైక్రోఫోనుకూ, మిక్సరుకూ (లేదా కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేసుకూ) నడుమ కేబులు దారిలోనే అమర్చే ఒక చిన్న వర్ధక పరికరం. మైక్రోఫోను నుండి వెలువడే బలహీనమైన విద్యుత్ సంకేతాన్ని ఇది సాధారణంగా 20 నుండి 28 డెసిబెల్‌ల మేరకు పెంచి తరువాతి పరికరానికి అందిస్తుంది. దీనికి బ్యాటరీ అవసరం లేదు. మిక్సరు పంపే 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తుతోనే పనిచేస్తుంది. డైనమిక్, రిబ్బన్ మైక్రోఫోనులతో మాటలను గానీ, మెల్లగా పలికే వాద్యాలను గానీ రికార్డు చేసేటప్పుడు దీనిని ఎక్కువగా వాడతారు. ఇది సంకేతాన్ని తప్పక పెంచుతుంది. రొదను తగ్గిస్తుందా లేదా అన్నది మాత్రం దాని తరువాత ఉన్న ప్రీయాంప్లిఫయరు నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది.

నేపథ్యం

మైక్రోఫోను గాలిలోని పీడన మార్పులను విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. 1 పాస్కల్ పీడనానికి, అంటే 94 డెసిబెల్‌ల ధ్వనికి, ఎన్ని మిల్లీవోల్టుల విద్యుత్ సంకేతం వస్తుందో దానిని ఆ మైక్రోఫోను సున్నితత్వం అంటారు. కండెన్సర్ మైక్రోఫోనులో లోపలే ఒక వర్ధక వలయం ఉంటుంది కాబట్టి దాని సంకేతం బలంగా ఉంటుంది. డైనమిక్ మైక్రోఫోనులో అయస్కాంత క్షేత్రంలో కదిలే తీగచుట్ట, రిబ్బన్ మైక్రోఫోనులో అతి పలుచని అల్యూమినియం పట్టీ బయటి శక్తి సహాయం లేకుండా సంకేతాన్ని పుట్టిస్తాయి. అందుచేత వాటి సంకేతం చాలా చిన్నది. కొన్ని ప్రసిద్ధ మైక్రోఫోనుల సున్నితత్వం ఈ విధంగా ఉంటుంది:

* న్యూమన్ యు87 ఏఐ (కండెన్సర్): 28 మిల్లీవోల్టులు
* షూర్ ఎస్ఎం58 (డైనమిక్): సుమారు 1.9 మిల్లీవోల్టులు
* షూర్ ఎస్ఎం7బి (డైనమిక్): 1.12 మిల్లీవోల్టులు
* కోల్స్ 4038 (రిబ్బన్): సుమారు 0.6 మిల్లీవోల్టు

వీటిలో ఎస్ఎం7బి పేరు ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరుతో పాటు తరచుగా వినబడుతుంది. దీనికి మాతృక అయిన ఎస్ఎం7 1973లో విడుదలైంది. 1982లో వెలువడిన మైకేల్ జాక్సన్ ఆల్బమ్ థ్రిల్లర్‌లో గాత్రాన్ని రికార్డు చెయ్యటానికి దీనిని వాడారు. ఎస్ఎం7బి 2001లో వచ్చింది. రేడియో ప్రసారాలలోను, తరువాత పాడ్‌కాస్టులలోను ఇది బాగా వాడుకలోకి వచ్చింది. ఈ మైక్రోఫోనుకు కనీసం 60 డెసిబెల్‌ల వర్ధనం కావాలని తయారీదారులే సూచిస్తారు. 60 డెసిబెల్‌లు అంటే వోల్టేజి 1000 రెట్లు పెరగటం. ఒక వ్యక్తి మాట మైక్రోఫోను వద్ద 74 డెసిబెల్‌ల స్థాయిలో ఉన్నదనుకుంటే ఎస్ఎం7బి నుండి వచ్చే సంకేతం 0.11 మిల్లీవోల్టు మాత్రమే. దానిని 1000 రెట్లు పెంచినా 0.11 వోల్టే అవుతుంది. స్టూడియోలలోని పెద్ద మిక్సర్లు ఈ పనిని సులభంగా చేయగలవు. ఇళ్ళలో వాడే చవక ఇంటర్‌ఫేసులు కొన్నింటిలో వర్ధనం అంత వరకు చేరదు. మరికొన్నింటిలో చేరినా, నాబ్‌ను చివరి వరకు తిప్పినప్పుడు "స్స్..." మనే రొద వినిపిస్తుంది. ఈ ఇబ్బందిని తొలగించే ఉద్దేశంతోనే ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయర్లు ప్రచారంలోకి వచ్చాయి.

పనిచేసే విధానం

కండెన్సర్ మైక్రోఫోనులకు అదే కేబులు ద్వారా విద్యుత్తును అందించే ఫాంటమ్ పద్ధతిని న్యూమన్ సంస్థ 1966లో ప్రవేశపెట్టింది. ఈ పద్ధతిలో 48 వోల్టుల విద్యుత్తు ఎక్స్ఎల్ఆర్ కనెక్టరులోని 2, 3 పిన్నులకు సమానంగా, ఒక్కొక్క దానికి 6.8 కిలోఓమ్‌ల నిరోధకం గుండా చేరుతుంది. 1వ పిన్ను తిరుగుదారిగా పనిచేస్తుంది. రెండు తీగల మీద వోల్టేజి సమానంగా ఉండటం వలన వాటి మధ్య తేడా సున్నా అవుతుంది. ధ్వని సంకేతం ఆ తేడా రూపంలోనే ప్రయాణిస్తుంది కనుక ఈ విద్యుత్తు దానికి అడ్డురాదు.

ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరు ఈ విద్యుత్తునే గ్రహించి తనలోని ట్రాన్సిస్టర్లను నడుపుకుంటుంది. వీటిలో సాధారణంగా రొద తక్కువగా ఉండే ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లను రెండు తీగలకూ జంటగా అమర్చుతారు. చాలా నమూనాలు ఫాంటమ్ విద్యుత్తును తమ వద్దనే నిలిపివేసి మైక్రోఫోను వరకు పోనివ్వవు. దీని వలన ఒక ప్రయోజనం కూడా ఉంది. తప్పుగా అతికిన కేబులు ద్వారా ఫాంటమ్ విద్యుత్తు చేరితే దెబ్బతినగల పాత రిబ్బన్ మైక్రోఫోనులకు ఇది రక్షణగా నిలుస్తుంది.

రొద లెక్క

ప్రతి నిరోధకంలోను ఉష్ణం కారణంగా ఎలక్ట్రానులు కదులుతూ స్వల్పమైన రొదను పుట్టిస్తాయి. దీనిని జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ సిద్ధాంతపరంగా వివరించి 1928లో ప్రచురించారు. 150 ఓమ్‌ల మైక్రోఫోనులో గది ఉష్ణోగ్రత వద్ద, 20 కిలోహెర్ట్జ్‌ల పరిధిలో ఈ రొద సుమారు 0.22 మైక్రోవోల్టు. ఏ వర్ధకమూ దీని కంటే తక్కువ రొదను ఇవ్వలేదు. ప్రీయాంప్లిఫయరు తన సొంత రొదను దీనికి కలుపుతుంది.

వరుసగా అమర్చిన వర్ధకాలలో మొత్తం రొదను ప్రధానంగా మొదటి దశే నిర్ణయిస్తుంది. తరువాతి దశల రొద మొదటి దశ వర్ధనంతో భాగించబడుతుంది. రేడియో గ్రాహకాల విషయంలో ఈ సూత్రాన్ని హెరాల్డ్ ఫ్రిస్ 1944లో ప్రతిపాదించాడు. మైక్రోఫోను వర్ధకాలకూ ఇది వర్తిస్తుంది.

ఉదాహరణకు, ప్రవేశం వద్ద లెక్కించినప్పుడు 0.35 మైక్రోవోల్టు రొద, 25 డెసిబెల్‌ల (సుమారు 18 రెట్ల) వర్ధనం గల ఇన్‌లైన్ పరికరాన్ని తీసుకుందాం.

* దాని తరువాతి ఇంటర్‌ఫేసు రొద 0.78 మైక్రోవోల్టు అనుకుంటే, 18తో భాగించినప్పుడు అది 0.04కు తగ్గుతుంది. మొత్తం రొద 0.35 మైక్రోవోల్టు. అంటే రొద సుమారు 7 డెసిబెల్‌లు తగ్గింది. ఈ తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది.
* ఇంటర్‌ఫేసు రొద ముందే 0.31 మైక్రోవోల్టు ఉంటే, ఇన్‌లైన్ పరికరాన్ని చేర్చిన తరువాత మొత్తం 0.35 అవుతుంది. అంటే రొద తగ్గకపోగా సుమారు 1 డెసిబెల్ పెరిగింది.

కాబట్టి మంచి ప్రీయాంప్లిఫయరు ఉన్నవారికి ఈ పరికరం వలన నాబ్‌ను తక్కువగా తిప్పే సౌకర్యం తప్ప పెద్ద లాభం ఉండదు.

వాద్యాల విషయంలో

వీణ, గిటారు వంటి వాద్యాల నాదం మృదువుగా ఉంటుంది. వీటిని డైనమిక్ లేదా రిబ్బన్ మైక్రోఫోనుతో కొంత దూరం నుండి రికార్డు చేసేటప్పుడు ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరు ఉపయోగపడుతుంది.

వాద్యానికి అతికించే పీజో పికప్ (కాంటాక్ట్ మైకు) సంగతి వేరు. దాని లోపమంతా సంకేతం బలహీనంగా ఉండటంలో లేదు, దాని ఇంపెడెన్సు చాలా ఎక్కువగా ఉండటంలో ఉంది. దానిని మైక్రోఫోను ప్రవేశానికి నేరుగా కలిపితే మంద్ర స్వరాలు క్షీణించి ధ్వని పలుచగా వినిపిస్తుంది. దీనికి 1 మెగాఓమ్ లేదా అంతకంటే ఎక్కువ ప్రవేశ ఇంపెడెన్సు గల వాద్య ప్రీయాంప్లిఫయరును గానీ, డీఐ బాక్సును గానీ వాడాలి. ఎలక్ట్రిక్ గిటారు పికప్ విషయంలో పొడవైన కేబులు ధారిత వలన తార స్వరాల స్పష్టత తగ్గుతుంది. గిటారుకు దగ్గరగా ఒక బఫర్ వర్ధకాన్ని అమర్చటం ద్వారా దీనిని నివారించవచ్చు.

అమర్చే పద్ధతి

ఇన్‌లైన్ ప్రీయాంప్లిఫయరును మైక్రోఫోనుకు దగ్గరగా అమర్చటం మేలు. అప్పుడు సంకేతం బలపడిన తరువాతే పొడవైన కేబులులో ప్రయాణిస్తుంది కనుక దారిలో చేరే విద్యుత్ అలజడుల ప్రభావం తగ్గుతుంది.

# మిక్సరులో వర్ధనాన్ని పూర్తిగా తగ్గించి, ఫాంటమ్ విద్యుత్తును ఆపివేయాలి.
# మైక్రోఫోనును పరికరం ప్రవేశానికి, పరికరం నిర్గమాన్ని మిక్సరుకు కలపాలి.
# ఫాంటమ్ విద్యుత్తు ఇచ్చి కొన్ని సెకనులు ఆగాలి.
# మాట్లాడుతూ లేదా వాయిస్తూ వర్ధనాన్ని నెమ్మదిగా పెంచాలి.

పరిమితులు

* ఫాంటమ్ విద్యుత్తును ముందుకు పంపని నమూనాలతో కండెన్సర్ మైక్రోఫోను పనిచేయదు. ఫాంటమ్‌ను ముందుకు పంపే నమూనాలు ప్రత్యేకంగా దొరుకుతాయి.
* డోలు, డ్రమ్స్ వంటి బిగ్గరగా మ్రోగే వాద్యాలకు ఇది తగదు. 134 డెసిబెల్‌ల ధ్వనికి ఎస్ఎం7బి 112 మిల్లీవోల్టులు ఇస్తుంది. దానిని మరో 18 రెట్లు పెంచితే 2 వోల్టులవుతుంది. అంత సంకేతాన్ని కొన్ని ఇంటర్‌ఫేసులు తట్టుకోలేవు, ధ్వని వికృతమవుతుంది.
* గదిలోని ఫ్యాను చప్పుడు, వీధి శబ్దాలు, గోడల ప్రతిధ్వని కూడా గాత్రంతో పాటే పెరుగుతాయి. వాటిని వేరుచేసే శక్తి ఏ వర్ధకానికీ లేదు.

ఈ చివరి ఇబ్బందికి ఖర్చులేని ఉపాయం మైక్రోఫోనుకు దగ్గరగా జరగటం. దూరం సగమైన ప్రతిసారీ నేరుగా చేరే ధ్వని సుమారు 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల నుండి 7.5 సెంటీమీటర్లకు జరిగితే 12 డెసిబెల్‌లు లభిస్తాయి. గదిలోని రొద మాత్రం పెరగదు. దగ్గరగా జరిగినప్పుడు మంద్ర ధ్వనులు కొంత ఎక్కువవుతాయి, ఊపిరి తాకిడి వినిపిస్తుంది. అందుచేత మైక్రోఫోనుకు స్పాంజి తొడుగు వాడటం మంచిది.

కొన్ని నమూనాలు

* క్లౌడ్‌లిఫ్టర్ సీఎల్-1: అమెరికాకు చెందిన క్లౌడ్ మైక్రోఫోన్స్ తయారీ. 25 డెసిబెల్‌ల వరకు వర్ధనం ఇస్తుంది. చిన్న పెట్టె ఆకారంలో ఉంటుంది.
* ఫెట్‌హెడ్: నెదర్లాండ్స్‌కు చెందిన ట్రైటన్ ఆడియో తయారీ. సుమారు 27 డెసిబెల్‌ల వర్ధనం ఇస్తుంది. చిన్న గొట్టంలా ఉండి నేరుగా మైక్రోఫోను వెనుక భాగానికి అమరుతుంది.
* షూర్ ఎస్ఎం7డీబీ: 2023లో వచ్చింది. ఇటువంటి వర్ధకాన్ని లోపలే ఇమిడ్చుకున్న మైక్రోఫోను. 18 లేదా 28 డెసిబెల్‌ల వర్ధనాన్ని ఎంచుకోవచ్చు, అవసరం లేనప్పుడు వర్ధకాన్ని తప్పించి వాడుకోవచ్చు.

ఇవి కూడా చూడండి

* మైక్రోఫోను
* ట్రాన్సిస్టరు
* డెసిబెల్
* ధ్వని ముద్రణ