భర్థరి గాయని సురుజ్ బాయి ఖాండే

తెలుగు పాఠకునకు భర్తృహరి అనగా నీతి, శృంగార, వైరాగ్య శతకముల కర్త. ఏనుగు లక్ష్మణకవి పద్యముల మూలమున ఆయన మన బడులలోనికి, పెద్దల సంభాషణలలోనికి వచ్చి చేరినాడు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఆయన కవి కాడు. అక్కడ ఆయన పేరు భర్థరి. రాజ్యము విడిచి గోరఖ్‌నాథుని శిష్యుడై, తాను పెండ్లాడిన రాణి వాకిట నిలిచి, ఆమెను ‘తల్లీ’ అని పిలిచి భిక్ష అడిగిన రాజు. ఆ గాథను పల్లె నుండి దేశాంతర వేదికలకు కొనిపోయిన వారిలో అగ్రగణ్య బిలాస్‌పూర్ ప్రాంతపు సురుజ్ బాయి ఖాండే.

బిలాస్‌పూర్‌కు ఆ పేరు బిలాసా అను జాలరి వనిత వలన వచ్చినదని జనశ్రుతి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని గొప్ప కూడలిగా మార్చినది. రైల్వే కొలువుల కొరకు మన తెలుగు కుటుంబములు కూడ అనేకము అక్కడికి వలసపోయి స్థిరపడినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు అది ప్రధాన స్థానమైనది. బండి మారుటకై దిగిన ప్రయాణికునకు అచట కనిపించునది బొగ్గు, ఇనుము, జనసమ్మర్దము. అయినను ఆ నేల పాటల నేల. కులభేదములను నిరసించిన గురు ఘాసీదాసు అనుయాయులు సత్నామీలు. వారి పంథీ గీతములు ఆ ప్రాంతమంతట వినిపించును. 1983లో బిలాస్‌పూర్‌లో నెలకొన్న విశ్వవిద్యాలయము ఘాసీదాసు పేరనే వెలసినది.

సురుజ్ బాయికి విద్యాలయము మాతామహుడే. ఏడేండ్ల ప్రాయమున ఆయన నోటినుండి పాట నేర్వనారంభించినది. భర్థరియే కాక ఢోలా మారు, చందైని వంటి గాథలును ఆమెకు కంఠస్థములు. భర్థరి గానము మొదట నాథ జోగుల సొత్తు. సారంగి చేతబట్టి ఇంటింట బిచ్చమెత్తుచు పాడినవారు పురుషులు. ఆ గాథ స్త్రీల కంఠమునకు వచ్చుట చిన్న విషయము కాదు.

ఏలయన, శతకకర్తను గూర్చి మనము వినియున్న ఐతిహ్యమున దోషము రాణిది: రాజు ప్రేమతో ఇచ్చిన అమృతఫలమును ఆమె పరుని కిచ్చినది. ఛత్తీస్‌గఢీ గాథ వేరు. వివాహానంతరము తొలి రాత్రి బంగారు మంచము విరుగును; రాణి సామ్‌దేయి నవ్వును. ఆ నవ్వునకు కారణమేమని రాజు వెదకుచు తిరుగును. పూర్వజన్మమున ఆమె తనకు తల్లి అని తుదకు తెలియును. ఇక్కడ రాణి దోషి కాదు. రాజునకు తెలియని సత్యము తెలిసినది. కథకు మూలమైన ఆ నవ్వును ఒక స్త్రీ పాడగా వినుట, జోగి పాడగా వినుట ఒకటి కావని నా అభిప్రాయము.

ఆమె పాట దేశము దాటి, 1980ల చివరి భాగమున సోవియట్ దేశములో జరిగిన భారత ఉత్సవముల వరకు పోయినది. మధ్యప్రదేశ్ ప్రభుత్వము 2000–01 సంవత్సరమునకు దేవీ అహల్యాబాయి సమ్మానము నొసగినది. జీవిక మాత్రము బొగ్గు సంస్థలో నాల్గవ తరగతి ఉద్యోగము.

అట్టి పేదల పాటయే జమైకాలో రెగ్గే. 1960ల చివర కింగ్‌స్టన్ పేదవాడలలో అది రూపు దాల్చినది. బాబ్ మార్లే (1945–1981) దానిని లోకమున కెరిగించినాడు. గ్రామఫోను పలకలు, రేడియోలు ఆయన గొంతును సముద్రములు దాటించినవి. భర్థరికి అట్టి అంగడి లేదు. ఒకరి నోట విని మరొకరు నేర్వవలసినదే.

2018 మార్చి 10న సురుజ్ బాయి కన్నుమూసినది. ఆ సంవత్సరమే నవంబరులో యునెస్కో రెగ్గేను మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వముల పట్టికలో చేర్చినది. మరుసటి యేడు పాండవానీ గాయని తీజన్ బాయిని పద్మవిభూషణ్ వరించినది. అది తగిన గౌరవమే. సురుజ్ బాయికి మాత్రము జీవితకాలమున పద్మ పురస్కారము ఒక్కటియు రాలేదు.