కానిస్టేబుల్ కొలువు, కలకత్తా కబురు

హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకుంది. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పును 1950, 1954, 1957 పోటీల్లోనూ, ఆ తర్వాత ఆంధ్రా పోలీసు పేరుతో 1961లోనూ సాధించింది. ఆటగాళ్లంతా పోలీసు శాఖ జీతం మీద బతికేవాళ్లు కాబట్టి కాగితాల మీద వాళ్లు అమెచ్యూర్లు. పొద్దున సాధన, సాయంత్రం మ్యాచ్, టోర్నమెంట్ల కోసం ఊరూరా రైలు ప్రయాణాలు చూస్తే మాత్రం వాళ్ల అసలు వృత్తి ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అటువంటి జట్టు ఆటగాళ్లను ఎలా ఏరుకుంది, వాళ్లలో ఎందరిని నిలుపుకుంది అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి వచ్చే జవాబు గర్వంగా చెప్పుకోదగ్గది. రెండోదాని సంగతి అలా కాదు.

జంటనగరాలకు ఫుట్‌బాల్ పటాలాలతో వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో తెల్లసోల్జర్లు ఆడుతుంటే బయట నిలబడి చూసిన పిల్లలు, ఆ తర్వాత ఖాళీ స్థలం దొరికిన చోటల్లా బంతి తన్నడం మొదలుపెట్టారు. బొల్లారం, తిరుమలగిరి వైపు పటాలాల్లో పనిచేసే తమిళ కుటుంబాలు, ఆంగ్లో ఇండియన్లు, నగరంలో మల్లేపల్లి, ఫస్ట్ లాన్సర్ లాంటి మొహల్లాల ముస్లిం కుర్రాళ్లు, బడుల్లో డ్రిల్లు మాస్టర్ల శిష్యులు అందరూ ఒకే లీగులో తలపడేవాళ్లు. ఆటగాళ్లకు కొదవ లేదు. వాళ్లను ఒక కంట కనిపెట్టే మనిషి కావలసి వచ్చింది.

ఆ మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో డిగ్రీ చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు ఆయన. అందుకే అందరికీ రహీం సాబ్. 1940ల నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు, దాదాపు అప్పటి నుంచే భారత జట్టుకు కూడా కోచ్. బడిలో పిల్లల్ని చూసేదీ ఆయనే, లీగు నడిపేదీ ఆయనే, నగరంలో పెద్ద జట్టును తయారుచేసేదీ ఆయనే, చివరికి దేశం తరఫున ఎవరు ఆడాలో చెప్పడంలో మాట చెల్లేదీ ఆయనదే. ఇన్ని అధికారాలు ఒక్కడి చేతిలో ఉండటం ఇప్పుడైతే ఎవరూ ఒప్పుకోరు. అప్పట్లో అదే సిటీ పోలీసుకు కలిసివచ్చింది. ఏ గల్లీలో ఏ కుర్రాడు ఎడమకాలితో బాగా తంతాడో తెలుసుకోవడానికి ఆ జట్టు ఎక్కడికీ మనిషిని పంపనక్కర్లేకపోయింది.

రహీం ఏరుకునే పద్ధతి ఆయన పెట్టిన పోటీల్లోనే ఉంది. డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంటు ఒకటి. అందులో బంతిని కాలి దగ్గర అట్టిపెట్టుకోవడానికి వీల్లేదు, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలి. వాటం లేని కాలితోనే ఆడాల్సిన టోర్నమెంటు ఇంకొకటి. చూడ్డానికి ఇవి వేడుక పోటీలు. నిజానికి ఎవడు తలెత్తి చూసి ఆడతాడో, ఎవడికి రెండు కాళ్లూ వస్తాయో తేల్చే జల్లెళ్లు. భారత జట్టు 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడింది. అక్కడ మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. ఆ తర్వాత సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి జరిపి, పొట్టి పాసులతో ముందుకు పోయే ఆట మీద రహీం దృష్టి మరింత పెరిగింది. తనకు ఎలాంటి ఆటగాడు కావాలో ముందే తెలిసినవాడికి మందలో ఒక్కణ్ణి పట్టుకోవడం కష్టం కాదు.

ఈ పద్ధతి ఫలితం జాతీయ జట్టులో కనిపించింది. సిటీ పోలీసు నుంచి నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్ ఒలింపిక్స్ దాకా వెళ్లారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. అందులో నూర్, అజీజ్‌లతో పాటు అహ్మద్ హుస్సేన్, సలాం, జుల్ఫికరుద్దీన్, బలరాం, తంగరాజ్ ఉన్నారు. అందరూ ఈ జంటనగరాల మైదానాల్లో రాటుదేలినవాళ్లే. అయితే అందరూ పోలీసు జట్టులో మిగల్లేదు.

పోలీసు శాఖ ఆటగాడికి ఇవ్వగలిగింది ఒక్కటే: సర్కారీ కొలువు. కానిస్టేబుల్‌గా చేరితే నెల తిరిగేసరికి జీతం, బాగా ఆడితే ఒకటి రెండు మెట్లు పైకి, కాళ్లు అలిసిపోయాక కూడా ఉద్యోగం, ఆపైన పింఛను. పేదింటి కుర్రాడికి అది తక్కువేం కాదు. ఆట ఎన్నేళ్లు సాగుతుందో ఎవరికీ తెలియదు, మోకాలు ఒక్కసారి తిరగబడితే సరి. అలాంటి భయం ఉన్నవాడిని ఆ కొలువు గట్టిగా పట్టి ఉంచేది. కానీ జీతం మాత్రం కానిస్టేబుల్ జీతమే. రోవర్స్ కప్పులో గోలు కొట్టినా, గేటు దగ్గర డ్యూటీ చేసినా ఒకే స్కేలు.

ఆ లోటు ఎక్కడ బయటపడిందో తులసీదాస్ బలరాం కథలో తెలుస్తుంది. 1936లో సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడలో పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేక, పోలీసులు వాడి పారేసిన పాత బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి చేత ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నాడని చెబుతారు. లీగు మ్యాచ్‌లో అతని ఆట చూసి రహీం శిక్షణకు రమ్మన్నాడు. అమ్ముగూడ నుంచి నగరంలోని మైదానానికి రావాలంటే సైకిలు అద్దెకు తీసుకోవాలి, దానికి చేతిలో డబ్బుల్లేవు. ఆ అద్దె రహీం తన జేబులోంచి ఇచ్చాడట. అలా ఏరుకున్న కుర్రాడు ఏడాది తిరగకుండానే మెల్‌బోర్న్ వెళ్లాడు. సిటీ పోలీసు తరఫున ఆడింది మాత్రం 1956–57లో ఒక్క సీజనే. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. 1961లో ఆ క్లబ్బుకు కెప్టెన్ అయ్యాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద భారత్ కొట్టిన ఒక్కో గోలూ అతనివే. అప్పటికి హైదరాబాద్ అతనికి పుట్టిల్లు మాత్రమే. చిత్రమేమిటంటే, 1963లో బలరాం కూడా చివరికి సర్కారీ కొలువిచ్చే రైల్వేల జట్టు బీఎన్ఆర్ వైపే మొగ్గాడు. ప్లూరసీ అనే ఊపిరితిత్తుల జబ్బు వల్ల అప్పుడే అతని ఆట ముగిసింది, వయసు ఇంకా 27.

అసలు చేతికి చిక్కనివాళ్లూ ఉన్నారు. పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడిన మనిషి. పోలీసుకు కాక సైన్యంలో మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు వెళ్లాడు. ఫార్వర్డ్‌గా మొదలుపెట్టి అక్కడే గోల్‌కీపర్‌గా మారాడు. ఆ రెజిమెంటు 1955లోనూ, 1958లోనూ డ్యూరాండ్ కప్పు గెలిచింది. సర్కారీ కొలువే ఎర అయినప్పుడు, అదే ఎర సైన్యం దగ్గరా ఉంటుంది.

నిలిచినవాళ్లలో పెద్దపేరు యూసుఫ్ ఖాన్‌ది. కలకత్తా మెరుపుల వైపు పోకుండా పోలీసు జట్టులోనే ఆడుతూ రోమ్ ఒలింపిక్స్‌కు, 1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లాడు. జకార్తా ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి భారత్ స్వర్ణం తెచ్చుకుంది. 1966లో యూసుఫ్ ఖాన్‌కు అర్జున అవార్డు వచ్చింది. వెనక ఆడమంటే వెనక, ముందు ఆడమంటే ముందు, ఎక్కడ నిలబెట్టినా ఇమిడిపోయే ఇలాంటి ఒక్కడిని పదేళ్లు నిలుపుకోవడం పదిమంది కొత్తవాళ్లను తేవడంతో సమానం.

కలకత్తా లాగిన తీరు వేరు. అక్కడ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వెనక వేల జనం, ఆ జనం కొనే టిక్కెట్లు, చందాలిచ్చే పెద్దమనుషులు ఉన్నారు. ఒప్పందాలు ఏడాదికొకసారి మారేవి. ప్రతి సీజనుకు ముందు అక్కడి ఫుట్‌బాల్ సంఘం ఐఎఫ్ఏ కార్యాలయంలో సంతకాలు. దళ్‌బదల్ అనే ఆ రోజుల్లో ఆటగాణ్ణి పక్క క్లబ్బువాళ్లు ఎగరేసుకుపోకుండా ఏ ఇంట్లోనో దాచిపెట్టడం కూడా మామూలే. పైకి అందరూ అమెచ్యూర్లే, లోపల చేతులు మారేది వేరే. హైదరాబాద్ పోలీసు అధికారి ఎంత ఆటపిచ్చి ఉన్నవాడైనా, శాఖ ఖజానాలోంచి ఆ మొత్తం తీసి ఇవ్వలేడు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొత్త అవకాశం ఒకటి కనిపించింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956–57, 1957–58ల్లో హైదరాబాద్ పేరుతోనే గెలిచారు. 1959లో ఆంధ్ర, హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘాలు కలిసిపోయాయి. పోలీసు జట్టు పేరు ఆంధ్రా పోలీసు అయింది. రాష్ట్రమంతా వెతికే వీలు చిక్కింది. కానీ వెతుకులాట మూసీ దాటి పెద్దగా పోలేదు. చీరాల, ఒంగోలు, గుంటూరు మైదానాల్లో కబడ్డీ, వాలీబాల్ కుదురుకున్నట్టు ఫుట్‌బాల్ కుదురుకోలేదు. ఏటా లీగు నడిపే కార్యదర్శి, బూట్లు ఇప్పించే కోచ్, ఉద్యోగమిచ్చే శాఖ మూడూ ఒకచోట కలవడమన్నది అక్కడ జరగలేదు. పేరు రాష్ట్రానిదైనా జట్టు రాజధానిదే.

1963 జూన్ 11న రహీం క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన తయారుచేసిన తరం మరికొన్నేళ్లు లాక్కొచ్చింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ పేరుతో రాష్ట్రం గెలిచింది ఆ ఒక్కసారే. ఆ జట్టులో ఆడిన మహమ్మద్ హబీబ్ 1966లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. పోలీసు జట్టులో ఆడిన సయ్యద్ నయీముద్దీన్ కూడా అదే దారి పట్టాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు నయీముద్దీనే కెప్టెన్. హబీబ్ అందులో ఉన్నాడు. హబీబ్ వచ్చిన ఉద్యోగాలు కాదని ఆటనే జీవనోపాధి చేసుకున్నాడు. అందుకే అతణ్ణి దేశంలో మొదటి పూర్తికాలపు ప్రొఫెషనల్ ఆటగాడని అంటారు. పోలీసు శాఖ దగ్గరున్న ఏకైక ఆకర్షణ కొలువు. దాన్నే వద్దనుకునే ఆటగాడు పుట్టాక ఆ జట్టుకు ఆయుధం లేకపోయింది. తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ అందరూ కలకత్తాలోనే పేరు తెచ్చుకున్నారు. 1977లో పేలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2–2తో సమంగా నిలిచినప్పుడు, ఆ రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది.

సిటీ పోలీసును తూచడానికి కప్పుల లెక్క ఒక్కటే చాలదు. కప్పులు చూస్తే 1950 నుంచి 1954 దాకా శిఖరం, ఆ తర్వాత ఎత్తుపల్లాలు. దేశానికి ఇచ్చిన ఆటగాళ్లను చూస్తే మాత్రం శిఖరం 1956లో వస్తుంది, అంటే జట్టు ఆటగాళ్లను పోగొట్టుకోవడం మొదలైన కాలంలో. ఒక్కో ఆటగాడు ఎన్ని సీజన్లు నిలిచాడన్న లెక్క తీస్తే 1950ల మొదటి జట్టు చిక్కగా, తర్వాతది పలచగా కనిపిస్తుంది. తొలి ఐదేళ్ల విజయాల్లో కొంత ఘనత నిలకడది: నూర్, అజీజ్, మొయిన్‌లు ఏళ్ల తరబడి పక్కపక్కన ఆడారు, ఎవడు ఎటు కదులుతాడో కళ్లు మూసుకుని చెప్పగలరు. పొట్టి పాసుల ఆటకు అది ప్రాణం. కొత్త కుర్రాడు ఎంత గొప్పవాడైనా ఆ అలవాటు ఒక్క సీజనులో రాదు.

ఏరుకోవడం, నిలుపుకోవడం అన్న ఆ రెండు ప్రశ్నలే చాలా ఏళ్లకు హైదరాబాద్ ముందు మళ్లీ నిలిచాయి. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైనప్పుడు, భారతీయ ఆటగాళ్లను వరసలో ఒక్కొక్కరుగా పంచుకునే డ్రాఫ్టు ముంబయిలో జరిగింది. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చేసరికి ఆ పంపకం పోయి, ఒప్పందాల బేరమే మిగిలింది. మానొలో మార్కెజ్ శిక్షణలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ వంటి కుర్రాళ్లకు అవకాశమిచ్చి, గోల్స్‌కు నైజీరియా ఆటగాడు ఒగ్బెచేను నమ్ముకుని, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఆ జట్టు చాంపియన్ అయింది. లిస్టన్ కొలాసో అంతకుముందే భారీ ధరకు కలకత్తా వెళ్లాడు. కప్పు గెలిచాక ఆశిష్ రాయ్ కూడా అక్కడికే, ఆకాశ్ మిశ్రా ముంబయికి వెళ్లారు. ఈసారి వెళ్లినవాళ్లకు ధర పలికింది, పాత రోజుల్లో పోలీసుకు అదీ లేదు. అయినా జీతాల బకాయిలతో 2023–24లో జట్టు చెదిరిపోయి అట్టడుగున మిగిలింది. 2025లో దాన్ని ఢిల్లీకి తరలించి పేరు మార్చారు.