ఉనికి నుండి స్థానానికి: పిండిరేణువుల రంజన చరిత్ర – మంజీరా వరి నేపథ్యం

మెదక్ ప్రాంతంలో మంజీరా ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గా క్షేత్రం వెలసింది. ఏడుపాయలగా ప్రసిద్ధమైన ఈ స్థలానికి సమీపాన నిజాం పాలనలో, 1905లో, ఘనపురం ఆనకట్ట నిర్మితమైంది. దాని కాలువలైన మహబూబ్ నహర్, ఫతే నహర్ కింద ప్రధాన పంట వరి. బియ్యపు పొడిబరువులో సుమారు 90 శాతం పిండిపదార్థమే. దానిని కణంలో గుర్తించే అయొడిన్ రంజనం పాఠ్యపుస్తకాలలో కేవలం రంగుమార్పు ప్రయోగంగా మిగిలిపోయింది. కానీ దాని చరిత్రను పరిశీలిస్తే జీవశాస్త్రం వేసుకున్న ప్రశ్నలే క్రమంగా మారిన తీరు కనిపిస్తుంది.

తొలి ప్రశ్న ఉనికికి సంబంధించినది. 1811లో బెర్నార్డ్ కూర్తువా సముద్రపు నాచు బూడిద నుండి అయొడిన్‌ను కనుగొన్నాడు. 1814లో కోలిన్, గోల్తియే ద క్లోబ్రీ అది పిండితో కలిసినపుడు నీలిరంగు ఏర్పడుతుందని ప్రకటించారు. ఇది పదార్థం ఉన్నదా లేదా అని తేల్చే రసాయన పరీక్ష మాత్రమే. 1825లో ఫ్రాన్స్వా విన్సెంట్ రాస్పాయ్ అదే అయొడిన్‌ను సూక్ష్మదర్శిని కింద గడ్డిజాతి గింజల కణజాలంపై ప్రయోగించి, పిండి ఎక్కడ ఉన్నదో చూపాడు. కణజాల రసాయనశాస్త్రానికి ఆద్యునిగా ఆయనను పేర్కొనడానికి కారణమిదే.

మూడవ ప్రశ్న కాలానిది. 1860ల తొలినాళ్లలో జూలియస్ సాక్స్ ఆకులను చీకటిలోను, వెలుగులోను ఉంచి, ఆల్కహాల్‌తో పత్రహరితాన్ని తొలగించి, అయొడిన్‌తో పరీక్షించాడు. వెలుగు సోకిన హరితరేణువులలోనే పిండి ఏర్పడుతున్నదని తేలింది. దానితో పిండి నిల్వ పదార్థంగానే కాక, కిరణజన్య సంయోగక్రియకు సాక్ష్యంగా కూడా స్థిరపడింది.

ఇరవయ్యవ శతాబ్దంలో ప్రశ్న పిండి రకం వైపు మళ్లింది. శాఖలు దాదాపుగా లేని అమైలోజ్ సర్పిలంగా చుట్టుకొని అయొడిన్‌ను తనలో ఇముడ్చుకొని నీలిరంగునిస్తుంది. శాఖలు విస్తరించిన అమైలోపెక్టిన్ ఎర్రని ఊదారంగునిస్తుంది. జిగురు బియ్యపు గింజను కోసి రంజనం చేస్తే ఎర్రగోధుమ వర్ణమే కనిపించడానికి అమైలోజ్ దాదాపు లేకపోవడమే కారణం. బాపట్ల పరిశోధనాస్థానం రూపొందించిన సాంబ మసూరి అన్నం పొడిపొడిగా ఉండటంలో అమైలోజ్ పాత్ర ఉంది. వరి పిండిరేణువులు ధాన్యాలలోకెల్లా అతిచిన్నవి; బహుభుజాకారంలో, సుమారు 3 నుండి 8 మైక్రోమీటర్ల పరిమాణంలో ఉండి, గుంపులుగా సంయుక్త రేణువులవుతాయి.

ఈ పరీక్ష నేడు తెలుగు నేలపై అత్యంత ప్రయోజనకరంగా నిలిచినది సంకర వరి విత్తన పరిశోధనలో. తెలంగాణ ఈ విత్తనోత్పత్తికి ప్రధాన కేంద్రం. ఇందులో ఆడ వరుసలోని మొక్కల పుప్పొడి వంధ్యంగా ఉండాలి. విచ్చుకోబోయే పూల కేసరాలను గాజుపలకపై నలిపి, అయొడిన్–పొటాషియం అయొడైడ్ ద్రావణం వేసి చూస్తే, పిండి నిండిన ఫలవంతమైన పుప్పొడి గుండ్రంగా, నల్లని నీలంగా కనిపిస్తుంది; వంధ్య పుప్పొడి ముడుచుకుపోయి, రంగు పట్టకుండా ఉంటుంది. ఆడ వరుసలో నీలి పుప్పొడి కనిపిస్తే స్వపరాగ సంపర్కానికి అవకాశమున్నట్లే. విత్తన శుద్ధత దెబ్బతింటే నష్టపోయేది రైతు.

అయితే రంగు పట్టినంత మాత్రాన ఫలదీకరణ సామర్థ్యం రుజువు కాదు. కొన్ని రకాల పురుష వంధ్యత్వంలో పుప్పొడి పిండితో నిండిన తరువాత నిర్వీర్యమవుతుంది. అది కూడా రంజనానికి లోనవుతుంది. అందుకే కంకులకు సంచులు తొడిగి గింజ కట్టడాన్ని కూడా పరిశీలిస్తారు. పుప్పొడిలో పిండి ఉన్నదన్నదే ఈ రంగు చెప్పగలిగినది; అది గింజ కడుతుందా అన్న ప్రశ్నకు సమాధానం పొలంలోనే దొరుకుతుంది.