కలివి కోడి ఎరిగిన రాత్రి

అల్లూరు వరిచేలకు ప్రాణం పెన్న నీరు. సముద్రతీరపు సమతలంలో పుట్టి పెరిగినవారికి కొండలంటే పడమటి దిక్కున ఎక్కడో ఉండే సంగతి. కాని ఏటికి ఎదురు పోతే సోమశిల దగ్గర వెలిగొండలు ఎదురవుతాయి. పెన్న వాటిని చీల్చుకొనే మన వైపుకు దిగుతుంది. ఆ కొండల కావల సిద్ధవటం, లంకమల అడవులు; దక్షిణాన శేషాచలం, 1989లో జాతీయ ఉద్యానవనమైన అడవి, తలకోన జలపాతం.

అక్కడికి వెళ్ళేవారిలో పలువురు జలపాతం చూచి పొద్దు వాలకముందే తిరుగుముఖం పడతారు. అడవిలో రాత్రి గడపడమంటే ఏమిటో తెలియాలంటే కలివి కోడి చరిత్ర చూడాలి.

1840లలో నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడుగా ఉన్న థామస్ జెర్డాన్‌కు పక్షులంటే ప్రాణం. ఆయన సేకరించిన ఒక పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది శాస్త్రజ్ఞులెవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే పలువురు తలచారు.

1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి పరిసరాలలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెదుకులాట ఫలించింది. పక్షిని పట్టి తెచ్చినవాడు మాత్రం ఆ ఊరి వేటగాడు. రాత్రిపూట దీపం వెలుతురులో తిరగడం అతనికి అలవాటు. శాస్త్రం ఎనభై ఆరేళ్ళు పోగొట్టుకున్న పక్షిని అక్కడివారు కలివి కోడి అని పేరుపెట్టి పిలుస్తూనే ఉన్నారు! అది రాత్రించర పక్షి. పగలు పొదలలో అణగి ఉంటుంది, చీకటి పడగానే కూస్తుంది. పగటి వెదుకులాటకు దొరకకపోవడంలో వింత లేదు.

ఆ పక్షి కోసమే లంకమల అభయారణ్యమైంది. అయినా ముప్పు తప్పలేదు. 2005లో తెలుగుగంగ పథకపు కాలువ తవ్వకం దాని ఆవాసంలోకి వచ్చింది. అభ్యంతరాలు రాగా తరువాత కాలువ దారి మార్చారు. నీరు కావలసిన నెల్లూరు సీమవారికి ఇది పరాయి కథ కాదు. మన చేలకు నీరు వచ్చే దారిలోనే మరొక ప్రాణి ఇల్లు కూడా ఉన్నది.

కనుక కొండలకు వెళ్ళే మిత్రులు అటవీశాఖ అనుమతి తీసుకొని వెళ్ళండి. గుడారం వేసిన చోట దీపాలు తగ్గించండి, మాటలు ఆపండి. ఆ చీకటిని తరతరాలుగా ఎరిగిన పల్లెవారిని వెంట తీసుకొని, వారు చెప్పే పేర్లు రాసుకోండి. పుస్తకాలలో లేని పేరు ఒకటైనా దొరకవచ్చు.