కుంగిన చక్రం చెప్పిన పాఠం

కర్ణపర్వం చదివినవారికి నేలలో కుంగిన రథచక్రం సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ శాపం కారణం. మోటారుబండి ఇసుకలో దిగబడినప్పుడు మాత్రం మనిషి కారణాన్ని చక్రంలోనే వెతుక్కోవలసి వచ్చింది. తెలుగు పండితుడికి టైర్లతో పనేమిటని మిత్రులు నవ్వుకోవచ్చు. నా పూర్వ విద్యార్థి ఒకడు ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొని, కొండదారులకు ఏ టైర్లు మంచివని నన్నడిగాడు. ఆ ప్రశ్న నన్ను చరిత్రలోకి నడిపించింది.

చక్రపు అంచును సంస్కృతంలో నేమి అంటారు. మన ఎడ్లబండి నేమికి ఇనుప పట్టా బిగించేవారు. అది రాళ్ళకు జంకదు గాని, సన్ననిది కావడంతో మెత్తని నేలలో దిగిపోతుంది. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్టులో గాలి టైరుకు పేటెంటు పొందాడు. అంతకు చాలాముందే, 1845లో, రాబర్ట్ థామ్సన్ ఇదే ఊహకు పేటెంటు తీసుకున్నా అది వాడుకలో నిలవలేదు. బండి బరువును మోసేది రబ్బరు కాదు, అందులో బంధించిన గాలి. ఈ సూక్ష్మాన్ని ఎడారి బాగా నేర్పింది.

రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనిక ఇంజనీరు 1920ల చివర ఈజిప్టు పడమటి ఎడారిలోని ఇసుక సముద్రంలోకి ఫోర్డు కార్లతో వెళ్ళాడు. వాటిలో ఇంజను శక్తి అందేది వెనుక చక్రాలకే. నీరు దొరకని చోట బండి ఆగితే ప్రాణమే పోతుంది. అతని బృందం టైర్లలో గాలి తగ్గించి నడిపింది. అప్పటికీ దిగబడితే చక్రాల కింద ఉక్కు పలకలు పరిచి బయటపడింది. ఆ అనుభవమే పెట్టుబడిగా అతడు 1940లో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూపు అనే సైనిక దళాన్ని స్థాపించాడు.

గాలి తగ్గిస్తే ఏమవుతుంది? 1,800 కిలోల బండిలో ఒక్కో చక్రం మీద సుమారు 450 కిలోలు పడతాయనుకుందాం. చదరపు అంగుళానికి 36 పౌన్ల గాలి ఉంటే, టైరు నేలను తాకే మేర సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. గాలిని 18కి దించితే ఆ మేర ఇంచుమించు రెట్టింపవుతుంది. టైరు గోడల బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అడుగు పెద్దదైతే నేలపై ఒత్తిడి తగ్గి, చక్రం కుంగదు. 1942లో వచ్చిన అమెరికా ఉభయచర వాహనం డక్‌లో, డ్రైవరు కూర్చున్నచోటినుంచే టైర్లలో గాలి పెంచి తగ్గించే ఏర్పాటు చేశారు. నీటినుంచి ఇసుకకూ, ఇసుకనుంచి గట్టి నేలకూ మారే బండికి ఒకే గాలి చాలదని గ్రహించారన్నమాట.

ఇక గ్రిప్పు సంగతి. 1941 నాటి విల్లీస్ జీపు టైరుపై అడ్డంగా తీర్చిన దిమ్మలు ముందుకైనా వెనక్కైనా ఒకేలా పట్టేవి. ట్రాక్టరు టైరుపై ఏటవాలు దిమ్మలు బురదను పక్కలకు నెట్టివేస్తాయి. మన వరిచేలలో తిరిగే దమ్ము చక్రాలు మరీ విశేషం. బురదలో వాటికి సాటి లేదు, తారురోడ్డెక్కితే రోడ్డునే చీలుస్తాయి. ఒక నేలకు గుణమైనది మరో నేలకు దోషమని చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

కంకరదారికి కావలసినది వేరు. అక్కడ శత్రువు బురద కాదు, మొనదేలిన రాయి. పెద్ద దిమ్మల బురద టైరు చూపులకు గంభీరంగా ఉంటుంది గాని, రాళ్ళను సందుల్లో ఇరికించుకుంటుంది, దిమ్మలు పెచ్చులూడతాయి, తడిసిన తారుపై బ్రేకు వేస్తే బండి ఆలస్యంగా ఆగుతుంది. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంటు పొందిన రేడియల్ నిర్మాణంలో పోగులు అంచునుంచి అంచుకు అడ్డంగా సాగుతాయి, గ్రిప్పు కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. ఆ పట్టీ అడుగును రాతికోతనుంచి కాస్తుంది, పక్కగోడలను మాత్రం కాయదు. అందుచేత కంకరపై తిరిగేవారు మధ్యరకం గ్రిప్పు, దృఢమైన పక్కగోడలు గల ఆల్ టెరైన్ టైరును ఎంచుకోవడం మేలు. గాలి కొద్దిగా తగ్గిస్తే కుదుపు తగ్గుతుంది. మరీ తగ్గిస్తే పక్కగోడ ఉబ్బి రాతికి దొరుకుతుంది. ఇసుకకోసం తగ్గించిన గాలితోనే తారురోడ్డుపై వేగంగా పోతే టైరు వేడెక్కి పగలవచ్చు. కాబట్టి గాలికొలత మీటరు, గాలి నింపే చిన్న పంపు, స్టెప్నీ బండిలో ఉండి తీరాలి.

నా విద్యార్థికి ఇదే చెప్పాను. నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి కదలగలదు. ఆ శక్తిని నేల స్వీకరించేది అరచేయంత రబ్బరు మేరలోనే. మలుపులోనైనా, లోయ అంచునైనా ప్రాణం నిలిపేది ఆ అరచేయే. కనుక టైరు కొనేముందు బండి అందం కాదు, తాను తిరిగే నేలను చూసుకోవాలి.