కలివి పొదల అంచున

మూడున్నరకు ప్రొద్దుటూరులో బండి తీశావు. మైదుకూరులో ఒక టీ. బద్వేలు దాటి సిద్దవటం దారి పట్టాక, చీకట్లో కుడిచేతి వైపు లంకమల కొండ నీతోపాటే వస్తోంది. తెల్లవారుతుండగా రోడ్డు దిగి మేకల బాటలో నడుస్తున్నావు.

అడవి అంటే నీ మనసులో ఉన్నదేదీ ఇక్కడ లేదు. నడుము ఎత్తు కలివి పొదలు, రేగు ముళ్లు, అక్కడో సండ్ర ఇక్కడో తుమ్మ, వాటి మధ్య ఎర్రటి ఉత్త నేల. లంకమల అభయారణ్యం లోపలికి పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. అది లేదు కాబట్టి అంచునే నీ తిరుగుడంతా.

ఎండ మొదట కొండ నెత్తిన పడి, మెల్లగా పొదల మీదికి దిగింది. తుమ్మకొమ్మ మీద పాలపిట్ట. లెన్సు ఎత్తేలోగా లేచిపోయింది. రెక్క విప్పినప్పటి ఆ నీలం కంటికి దక్కింది, కెమెరాకు దక్కలేదు. ఇంకోసారి రాకపోతుందా అని రేగుపొద పక్కన గొంతుక్కూర్చున్నావు. ముల్లు మోచేతిలో దిగింది. కదిల్తే పిట్ట పోతుంది. అరగంటకు వచ్చింది. పదకొండు ఫొటోల్లో ఒక్కటి కుదిరింది, అదీ తోక కాస్త తెగి. జెముడుకాకి మాత్రం పొద్దుటినుంచీ ఊక్ ఊక్ అంటూనే ఉంది, కనబడితే ఒట్టు.

మధ్యాహ్నం ఎండకు పిట్టలూ లేవు, నువ్వూ లేవు. చెట్టు నీడన సద్ది, ఓ కునుకు.

లేచేసరికి మేకలు, వాటి వెనక ఓ పెద్దాయన.

"ఏమప్పా, పొద్దున్నుంచీ ఈడనే ఉండావు. ఏం దొరికింది?"

"పాలపిట్ట, తాతా. కలివికోడి ఎప్పుడైనా చూసినావా?"

"అది రేత్రి పచ్చి గదా నాయనా! పగులు యాడ కనపడ్తాది?"

ఆ మాటలోనే ఉంది చిక్కంతా. జెర్డన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో ఈ కలివికోడి గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ అగుపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ పరిశోధనలో ఇక్కడే మళ్లీ బయటపడింది. దొరికిన ఆ పిట్ట బతకలేదు. రెండేళ్లకు కలివికోడి తపాలా బిళ్ల మీదికెక్కింది. దీని కోసం తెలుగుగంగ కాలువను సైతం పక్కకు మళ్లించారు. పరిశోధకులు మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు వెతికేవారు. టార్చి కొట్టి, కూత రికార్డు వినిపించి దాన్ని రప్పించాలని చూసే ఫొటోగ్రాఫర్లను నేనైతే మెచ్చను. ఉన్న కొద్దిపాటి పిట్టల్ని ఓ బొమ్మ కోసం బెదరగొట్టడమేంటి?

పొద్దు కొండ వెనక్కి జారింది. ఇక్కడ మసక తొందరగా పడుతుంది. కెమెరా తెరమీద అంకెలు దిగజారుతున్నాయి, ఇక లాభం లేదని లెన్సుకు మూత పెట్టావు. ఎక్కడో తీతువు అరిచింది.

తిరిగొచ్చే బాటలో, మేకల గిట్టలు పడని దుమ్ములో, మూడువేళ్ల జాడలు. తీతువువే అయ్యుంటాయి. వంగి, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి, ఫోనుతో ఫొటో తీశావు. తీశాక బిళ్లను మాత్రమే జాగ్రత్తగా ఎత్తి, జాడలు తొక్కకుండా పక్కనుంచి నడిచావు.