బిలియర్డ్స్ బల్ల: క్లబ్బు గది నుంచి ఏషియన్ క్రీడల దాకా

ఆటల ముచ్చట్లలో మనం హాకీ, కబడ్డీల గురించి చెప్పుకుంటాము. బిలియర్డ్స్ పేరెత్తితే మాత్రం "అది దొరల ఆట గదా" అంటారు. అందులో కొంత నిజముంది. 1937లో మొదలైన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీలోనైనా, నిజామాబాద్ కచేరీలలోనైనా హోదాను బట్టి క్వార్టర్లు, క్వార్టరును బట్టి ఆటలు. పన్నెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, పైన పచ్చ బనాతు ఉండే ఆ బల్లను ఒక క్లబ్బులో మొదటిసారి చూశాను. సంతకం కోసం ఫైలు పట్టుకుపోయిన గుమాస్తాకు గుమ్మం దగ్గర నిలబడి చూసే భాగ్యమే గాని, క్యూ కర్ర పట్టే అధికారం లేదు.

బిలియర్డ్స్ విదేశం నుంచి వచ్చినా, దాని తమ్ముడు స్నూకర్ మాత్రం మన దేశంలో పుట్టినదే. 1875లో జబల్‌పూర్ సైనిక మెస్సులో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి దీనిని మొదలుపెట్టాడని చరిత్ర. తరువాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరు. 1882లో ఊటీ క్లబ్బులో నియమాలు స్థిరపడ్డాయి. బిలియర్డ్స్‌లో మూడు బంతులు; స్నూకర్‌లో పదిహేను ఎర్రవి, ఆరు రంగులవి, ఒక తెల్లది, మొత్తం 22.

1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యారు. ఏ ఆటలోనైనా వ్యక్తిగతంగా ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడు ఆయనే. అయినా అందరి కళ్ళూ ఈ బల్ల మీద పడటానికి మరో నలభై ఏళ్ళు పట్టింది.

1998 డిసెంబరులో బ్యాంకాక్ ఏషియన్ క్రీడలలో బిలియర్డ్స్, స్నూకర్, పూల్ మొదటిసారి చేరాయి. బిలియర్డ్స్ సింగిల్స్‌లో అశోక్ శాండిల్యకు స్వర్ణం, గీత్ సేఠీకి రజతం దక్కాయి. ఇద్దరూ కలిసి డబుల్స్ స్వర్ణం కూడా తెచ్చారు. ఆ క్రీడలలో భారత్‌కు వచ్చిన స్వర్ణాలు మొత్తం ఏడు. అందులో రెండు ఈ "దొరల ఆట"వే. 2002 బుసాన్‌లో యాసిన్ మర్చంట్, రఫత్ హబీబ్ జంట స్నూకర్ డబుల్స్ గెలిచింది. 2006 దోహాలోనూ, 2010 గ్వాంగ్‌జౌలోనూ పంకజ్ అద్వానీ బిలియర్డ్స్ సింగిల్స్ స్వర్ణం సాధించారు.

తరువాత తలుపు మూతపడింది. 2010లో 42గా ఉన్న క్రీడలను 2014 ఇంచియాన్‌లో 36కు తగ్గించారు. తొలగించిన వాటిలో ఇది ఒకటి. 2018 జకార్తాలోనూ, 2023లో జరిగిన హాంగ్‌జౌ క్రీడలలోనూ కనిపించలేదు. మనకు పతకాలు తెచ్చే ఆట జాబితా నుంచే పోయింది.

అదే హాంగ్‌జౌలో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో కాంస్యం గెలిచింది. అంతకుముందే రెండుసార్లు ప్రపంచ విజేత అయింది. "ఆడపిల్లకు గుద్దులాటేమిటి" అనే మాటలను దాటి వచ్చిన బిడ్డ ఆమె. బాక్సింగ్ నేర్చుకోవడానికి ఆమెకు మన ఊళ్ళో చోటు దొరికింది. క్యూ కర్ర పట్టాలనుకున్న గుమాస్తా కొడుక్కు, చెరకు రైతు కొడుక్కు మా కాలంలో ఆ చోటు దొరకలేదు.

1990లలో పట్టణాలలో స్నూకర్ పార్లర్లు వెలిసినప్పుడు మనలో చాలామంది పిల్లలను అటు పోనివ్వలేదు. ముందు క్లబ్బువారు మనలను రానివ్వలేదు, తరువాత మనమే మన పిల్లలను పోనివ్వలేదు. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. గేటు లోపలే పెరిగిన ఆట గేటుతోపాటే పోతుంది. బజారులో అందరి మధ్య పెరిగినది నిలుస్తుంది. పురపాలక క్రీడా ప్రాంగణంలో నాలుగు రూపాయలకు అందరూ ఆడుకునే ఒక బల్ల వేయించమని మన సంఘం తరఫున అర్జీ పెడితే బాగుంటుంది. అర్జీలు రాయడంలో మనకన్నా అనుభవం ఎవరికుంది?